అనిమోన్ కుట్టిన చేప: వదిలేయాలా, డబ్బాలో పెట్టాలా, వేరే ట్యాంకుకు మార్చాలా?

రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు. సముద్రపు చేపల ట్యాంకు మాత్రం ఇన్వర్టర్ లైనులో లేదు, దాని పంపులన్నీ ఆగిపోయాయి. తెల్లారి చూస్తే నా ఫైర్‌ఫిష్ రాళ్ల సందులోంచి బయటికొచ్చి ఇసుక మీద ఆనుకుని ఉంది. ఒక పక్క సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ. వెనక రెక్క చిరిగి దారాల్లా వేలాడుతోంది. అప్పటికి కరెంటు వచ్చేసింది, పక్కనే బబుల్ టిప్ అనిమోన్, అంటే పువ్వులా వేళ్లు చాచుకుని రాతిని పట్టుకుని ఉండే సముద్రజీవి, ఏమీ ఎరగనట్టు ఊగుతోంది.

ఆ రోజు నేను చేసింది చెబితే మీకు ఈ వ్యాసంలో సగం అర్థమైపోతుంది. వల పట్టుకుని అరగంట పైనే తరిమాను. రెండు రాళ్లు కదిపాను. చివరికి పట్టి, అప్పటికప్పుడు ఉప్పునీళ్లు కలిపి నింపిన ఖాళీ ట్యాంకులో వేశాను. మూడో రోజు పోయింది. తీరా చూస్తే గాయం ఎర్రబడలేదు, పెరగలేదు. ఆ నీళ్లు టెస్టు చేస్తే, చేప విసర్జించే విషం అమ్మోనియా రంగు కార్డులో పై గడికి చేరింది. చంపింది అనిమోన్ కాదు, నా వైద్యం.

తర్వాత డామ్సెల్ అనే ఇంకో చేపకి ఇంచుమించు అలాంటి గాయమే అయితే దాని జోలికి పోలేదు. అది ఇప్పటికీ ఉంది. అలాగని వదిలేయడమే ఎప్పుడూ మందు అనుకోవద్దు. ఉన్న దారులు మూడు: ట్యాంకులోనే వదిలేయడం, అదే ట్యాంకులో చిల్లుల డబ్బాలో పెట్టడం, వేరే ట్యాంకుకు మార్చడం. మచ్చ ఎంత భయంగా ఉందో చూసి వీటిలో ఒకటి ఎంచుకుంటే తప్పుతాం. చేప ఎలా ఊపిరి తీస్తోంది, తింటోందా లేదా, మచ్చ అంచు కదులుతోందా అన్నవి చూసి ఎంచుకోవాలి.

ముందు అది కుట్టిన గాయమేనా?

అనిమోన్ వేళ్ల నిండా కంటికి ఆనని సూక్ష్మమైన గొట్టాలు స్ప్రింగుల్లా చుట్టుకుని ఉంటాయి. వాటిని నెమటోసిస్టులు అంటారు. చేప ఒళ్లు తగలగానే అవి పేలి, చర్మంలోకి దిగి విషం వదులుతాయి. ఆ వేలు చేపకు అతుక్కుంటుంది కూడా. చేప గింజుకుని బయటపడేటప్పుడు ఒంటి మీది జిగురు పొర, ఒక్కోసారి పొలుసులు ఊడి అనిమోన్‌కే అంటుకుపోతాయి. అందుకే గాయం సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది, అంచులు స్పష్టంగా తెలుస్తాయి, రాత్రికి రాత్రి కనిపిస్తుంది.

అనిమోన్ వేళ్ల మధ్యే కాపురముండే క్లౌన్‌ఫిష్ విషయంలో జాగ్రత్త. దాని ఒంటి మీద తెల్లటి జిగురు ఊడుతూ కనిపిస్తే చాలామంది "కొత్త అనిమోన్ కుట్టింది" అనేసుకుంటారు. అది బ్రూక్లినెల్లా కావచ్చు. కొత్తగా కొన్న క్లౌన్‌ఫిష్‌లకు తరచూ వచ్చే పరాన్నజీవి జబ్బు అది. జిగురు రెండు పక్కలా ఊడుతుంది, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలిసిపోయేంత వేగంగా పాకుతుంది, ఊపిరి ఎగశ్వాసలా ఉంటుంది, జతగా ఉన్న రెండో చేపకూ మొదలవుతుంది. ఇది అయితే "రెండు రోజులు చూద్దాం" అనడానికి టైం ఉండదు. వెంటనే వేరు చేసి ఫార్మలిన్ మందు వాడాల్సిందే. దాని కథ వేరు, ఇక్కడ కలపను. మచ్చను ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆరు గంటల తర్వాత మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కుట్టిందా, జబ్బా అనేది చాలావరకు తేలిపోతుంది.

కుట్టిన అనిమోన్ ఏ రకమో కూడా చూసుకోవాలి. బబుల్ టిప్ కుట్టుడు మెత్తన, చాలా చేపలు బతికి బట్టకడతాయి. హడోనీ, జైజాంటియా లాంటి కార్పెట్ అనిమోన్‌లు అలా కాదు. అవి చేపల్ని పట్టి తింటాయి. వాటి నుంచి తప్పించుకున్న చేపకు పైకి కనిపించే దాని కన్నా లోపల ఎక్కువ దెబ్బ తగిలి ఉంటుందని లెక్క వేసుకోవడం మంచిది.

ఒకటి: ఉన్నచోటే వదిలేయడం

చేప తింటోంది, ఈదుతోంది, మిగతావి దాన్ని పొడవడం లేదు అంటే నా సలహా ఇదే. మచ్చ ఎంత వికారంగా ఉన్నా సరే.

దీనికి గట్టి కారణమే ఉంది. జిగురు పొర చేపకు చర్మం మీద ఇంకో చర్మం లాంటిది. క్రిములు లోపలికి పోకుండా మొదట ఆపేది అదే. వలలో పడి కొట్టుకుంటే మిగిలిన జిగురు కూడా పోతుంది, ఇంతవరకూ దెబ్బలేని పక్కన కూడా కొత్త దెబ్బ తగులుతుంది. పైగా పాత ట్యాంకులో అమ్మోనియా సున్నా, ఉప్పు స్థిరం, దాక్కోవడానికి దానికి తెలిసిన గూడు ఉంది. గాయపడ్డ చేపకు అంతకన్నా మంచి ఆసుపత్రిని మనం ఒక్క పూటలో కట్టలేం.

వదిలేయడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. లైట్లు రెండు రోజులు తగ్గించండి. పంపు నోరు నీటి పైభాగానికి తిప్పితే నీళ్లు కదిలి ఆక్సిజన్ పెరుగుతుంది. కుట్టిన మొదటి కొన్ని గంటలు ఊపిరి వేగంగా తీయడం షాక్ వల్లే, దానికే కంగారు పడి వల ఎత్తొద్దు. ఒక కన్ను మాత్రమే మసకబారితే అది దెబ్బ, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. రెండు కళ్లూ మసకబారితే మాత్రం ముందు నీళ్లు టెస్టు చేయండి. రెక్క చిరిగినా మొదలు మిగిలి ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. మొదలంటా పోతే అంత చక్కగా రాదు, వంకరగా ఉండిపోవచ్చు.

ఈ దారి పనికిరాని సందర్భం ఒకటుంది. అనిమోన్ ఇంకా తిరుగుతుంటే, అంటే రాతిని పట్టుకున్న కాలు వదిలి చోటు వెతుక్కుంటూ పోతుంటే, చేప గూటి పక్కకే వచ్చి కూర్చోవచ్చు. అది పంపులో పడి ముక్కలైతే మరీ ఘోరం: ఆ ముక్కలు ట్యాంకంతా తేలుతూ తగిలినవాటినల్లా కుడతాయి, నీళ్లు కూడా పాడవుతాయి. అప్పుడు నీళ్లలోని విషాన్ని పీల్చే మంచి యాక్టివేటెడ్ కార్బన్ వేసి, నీళ్లు మార్చి, చేపను తప్పనిసరిగా బయటికి తీయాలి.

రెండు: అదే ట్యాంకులో చిల్లుల డబ్బా

దీన్ని ఎక్లిమేషన్ బాక్స్ అని అమ్ముతారు. పారదర్శకమైన యాక్రిలిక్ పెట్టె, చుట్టూ చిల్లులు, అద్దానికి తగిలించుకోవచ్చు. దొరక్కపోతే వంటింటి ప్లాస్టిక్ డబ్బాకు వేడి చువ్వతో చిల్లులు పెట్టుకోవచ్చు. చిల్లుల అంచులు లోపలి వైపు గరుకుగా లేకుండా రుద్దేయండి, లేకపోతే చిరిగిన రెక్కకి అవే ముళ్లవుతాయి. చేపపిల్లల్ని పెంచడానికి అమ్మే వలగుడ్డ పెట్టెలు వద్దంటాను. ఊడిన పొలుసు ఆ వలకు పట్టుకుంటుంది.

నా అనుభవంలో ఇదే అందరూ చిన్నచూపు చూసే దారి, ఎక్కువసార్లు పనికొచ్చేదీ ఇదే. నీళ్లు పాత ట్యాంకువే. పొడిచే డామ్సెల్‌లు, కొరికే వ్రాస్‌లు దగ్గరికి రాలేవు. తిండి నేరుగా నోటి ముందుకు వేయొచ్చు, తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. మొప్పల కదలిక లెక్కపెట్టొచ్చు. రాళ్ల వెనకున్న చేపను చూడలేక మనం పడే టెన్షన్ కూడా తగ్గుతుంది, ఆ టెన్షన్‌లోనే కదా పిచ్చి పనులన్నీ చేసేది.

డబ్బాను అనిమోన్‌కి అవతలి మూల పెట్టండి. లోపల ఒక పీవీసీ పైపు ముక్క వేయండి, దాక్కోవడానికి. పైన మూత ఉండాలి. ఫైర్‌ఫిష్, వ్రాస్‌లు ఎగిరి దూకేస్తాయి, పైగా భయపడి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. పట్టేటప్పుడు వల వాడకుండా, లైట్లన్నీ ఆర్పాక రాత్రి పూట ఎర్రటి టార్చి వెలుతురులో, నీళ్లలోనే ఒక గిన్నె అడ్డం పెట్టి అందులోకి తోలుకోండి. గాలిలోకి ఎత్తకుండా నీళ్లతో పాటే డబ్బాలోకి దించండి.

పెద్ద టాంగ్‌లకీ, ఎప్పుడూ గుంపుగా తిరిగే క్రోమిస్‌లకీ ఈ డబ్బా జైలే. గోడలకు ముక్కు కొట్టుకుని కొత్త గాయం చేసుకుంటాయి. పది సెంటీమీటర్లు దాటిన చేపకైతే ఈ ఆలోచనే వద్దు. ఇంకో లోటు, డబ్బాలో మందు వేయలేం. వేస్తే ట్యాంకంతటికీ వేసినట్టే.

మూడు: వేరే ట్యాంకు

ఇది మందు వేయడానికి కట్టిన గది. మందు అవసరం లేని చేపకు ఇది ఉత్త శిక్ష. మరి మందు ఎప్పుడు అవసరం? మచ్చ చుట్టూ ఎరుపు పాకుతుంటే. తెల్లటి చోట కండ కుళ్లి గుంట పడుతుంటే. రెక్క చిరిగిన దగ్గర ఆగకుండా రోజురోజుకీ పొట్టిదవుతుంటే. మూడు రోజులు దాటినా నోట్లో ఏమీ పెట్టకపోతే. లేదా పైన చెప్పినట్టు అనిమోనే చితికి ట్యాంకు పాడైతే. వీటిలో ఒకటి ఉన్నా మార్చండి, ఆలస్యం చేయొద్దు.

చిన్న చేపకు నలభై, యాభై లీటర్లు చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు, అవి మందును పీల్చుకుంటాయి. పీవీసీ ముక్కలు, హీటర్, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్, మూత. అంతే. కిటుకంతా స్పాంజ్‌లో ఉంది. అది ముందే పెద్ద ట్యాంకు సంప్‌లో (ఫిల్టర్లుండే పక్క తొట్టిలో) నెలల తరబడి నాని ఉంటే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దాంట్లో పెరిగి ఉంటుంది. కొత్త స్పాంజ్ పెడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఉప్పునీళ్ల పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి అదే కొలత అమ్మోనియా ఇక్కడ మంచినీళ్ల ట్యాంకులో కన్నా ఎక్కువ విషం. నానిన స్పాంజ్ లేకపోతే రోజూ మూడో వంతు నీళ్లు పెద్ద ట్యాంకు నుంచే తెచ్చి మార్చాలి, టెస్టు కిట్ చేతిలోనే ఉండాలి. ఆ ఓపిక లేదనుకుంటే డబ్బానే మేలు.

వేడి సంగతి హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 25, 26 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నీళ్లు మేలో గది వేడికే 32 దాకా పోతాయి. చిన్న ట్యాంకు పెద్దదాని కన్నా తొందరగా వేడెక్కుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, గాయం మీది క్రిములు హుషారు. చిన్న ఫ్యాను గాలి నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది కాబట్టి తగ్గినంతా ఆర్‌ఓ నీళ్లతో పూడ్చాలి. ఎయిర్ పంపుకు బ్యాటరీ ఉన్నది కొనుక్కోండి, లేదా ఆ ప్లగ్గు ఇన్వర్టర్‌కి ఇవ్వండి. నేను రెండోది చేశాను, ఆలస్యంగా.

"కాస్త ఉప్పు వెయ్యండి" అనే సలహా

మంచినీళ్ల చేపలు పెంచినవాళ్లందరి నోటా వచ్చే మొదటి మాట ఇది. గోల్డ్‌ఫిష్‌కి గాయమైతే నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే మంచినీళ్లలో గాయం గుండా నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు ఆ తేడాను తగ్గిస్తుంది. సముద్రపు చేపకు లెక్క తలకిందులు. దాని ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీళ్లలో మూడో వంతే. మాగాయ ముక్కలు ఉప్పులో ఊట వదిలినట్టు, ఊడిన చర్మం గుండా దాని ఒంట్లోని నీరు బయటికి పోతుంది. పెద్ద గాయమంటే చేపకు లోపల్లోపల దాహం.

కాబట్టి వేరే ట్యాంకులో పెట్టినప్పుడు చేయాల్సింది ఉప్పు తగ్గించడం. మామూలుగా 1.025 దగ్గర ఉండే సాంద్రతను రెండు రోజుల మీద మెల్లగా 1.021 దాకా దించితే చేపకు కొంత భారం తగ్గుతుంది. మళ్లీ పెంచేటప్పుడు ఇంకా నెమ్మది, రోజుకు 0.001 చొప్పున. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఉండాలి. భీమవరం వైపు వాళ్లకు ఇది తేలిక, రొయ్యల చెరువుల సామాను అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఈ పని అనిమోన్, పగడాలు ఉన్న పెద్ద ట్యాంకులో మాత్రం చేయకండి. అవి ఆ మార్పును తట్టుకోలేవు.

ఇక మంచినీళ్లలో ముంచి తీయడం. పరాన్నజీవులకు అది మంచి పద్ధతే, కుట్టిన గాయానికి కాదు. జెల్లీఫిష్ కుడితే మనుషులకే మంచినీళ్లతో కడగొద్దంటారు, ఒంటి మీద ఇంకా పేలని నెమటోసిస్టులు మంచినీళ్లు తగిలితే పేలతాయని. అనిమోన్‌దీ అదే జాతి ఆయుధం.

మందుల్లో ఏది?

మెథిలీన్ బ్లూ చవక, ఏ అక్వేరియం షాపులోనైనా ఉంటుంది. ట్యాంకులో వేయకుండా, ట్యాంకు నీళ్లే పట్టిన వేరే బకెట్‌లో కలిపి, ఎయిర్ స్టోన్ పెట్టి, అరగంట చేపను ఉంచి తీయడానికి బాగుంటుంది. వేరే ట్యాంకుకు ఎలాగూ మారుస్తున్నప్పుడు దారిలో ఈ స్నానం చేయించొచ్చు. ట్యాంకులోనే పోస్తే స్పాంజ్‌లోని మంచి బ్యాక్టీరియా పోతుంది, అద్దాల అతుకులు జన్మంతా నీలంగా ఉండిపోతాయి. ఇది పైపైన క్రిముల్ని తగ్గిస్తుంది, కండలోకి దిగిన ఇన్ఫెక్షన్‌ని ఏమీ చేయలేదు.

కండలోకి దిగితే యాంటీబయాటిక్ కావాలి. సముద్రపు నీళ్లలో గాయాల మీద చేరేది ఎక్కువగా విబ్రియో అనే బ్యాక్టీరియా. రొయ్యల రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు, "ల్యాబ్‌లో గ్రీన్ కాలనీలు వచ్చాయట" అంటే నాన్నగారి ముఖం ఎలా మారుతుందో గుర్తుండే ఉంటుంది. దానికి చాలామంది మెడికల్ షాపు నుంచి టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ తెచ్చి నీళ్లలో విదిలిస్తారు. మంచినీళ్లలో సంగతేమో గానీ సముద్రపు నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి, చేపకు అందేది తక్కువ. డబ్బులు దండగ, నీళ్లు పచ్చబడటం మిగులుతుంది. కెనామైసిన్ ఉన్నవి, ఉదాహరణకు సీకెమ్ కెనాప్లెక్స్, ఉప్పునీళ్లలో పనిచేస్తాయి. చేప తింటుంటే తిండిలో కలిపి కూడా పెట్టొచ్చు. దాని మీద రాసినట్టు రెండు రోజులకోసారి, మూడు మోతాదులకు మించకుండా వేయండి, కార్బన్ మందును పీల్చేస్తుంది కాబట్టి తీసేయండి. చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడు అందుబాటులో ఉంటే మందు ఎంపిక ఆయనకే వదిలేయండి.

కాపర్ మందు గాయానికి పనికిరాదు, అది పరాన్నజీవులకు. పొరపాటున పెద్ద ట్యాంకులో పడిందా, అనిమోన్, రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి. చెరువుల్లో చేపలకు పుండ్లు వస్తే సున్నం, పసుపు చల్లే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి పసుపు వేయొచ్చా అని అడుగుతారు. వద్దు. యాభై లీటర్ల ట్యాంకు చెరువు కాదు.

మందు కన్నా ముందు తిండి. మైసిస్ రొయ్యలు, బ్రైన్ ష్రింప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అసలు ముట్టకపోతే ఆ బ్రైన్ ష్రింప్‌నే ప్రాణంతో కదిలేవి (ఆర్టీమియా అని అమ్ముతారు) వేసి చూడండి, కదలిక చూసి నోరు తెరిచిన చేపల్ని చాలా చూశాను. బజారులో తెచ్చిన పచ్చిరొయ్యను ఇంట్లో పసుపు, ఉప్పు పట్టించకముందే ఓ ముక్క పక్కన పెట్టి, ఆవగింజంత ముక్కలు చేసి ఇచ్చినా తింటాయి. రోజుకు మూడు నాలుగు సార్లు, చిటికెడు చొప్పున. మిగిలింది తీసేయాలి.

అనిమోన్‌ని ఉంచాలా, చేపనా?

గాయం మానాక ఈ ప్రశ్న మిగులుతుంది. కరెంటు పోవడం లాంటి ఒక్కసారి జరిగిన ప్రమాదమైతే పంపులకు బ్యాకప్, వాటి నోళ్లకు జాలీ పెట్టి రెండింటినీ ఉంచుకోవచ్చు. చేప మెల్లగా కదిలేదైతే, ముఖ్యంగా మాండరిన్ లాంటిదైతే, అనిమోన్‌తో కాపురం నేను పెట్టను. కార్పెట్ అనిమోన్ ఉంటే క్లౌన్‌ఫిష్ తప్ప ఇంకో చేపను కొనను.

క్లౌన్‌ఫిష్‌నే కుట్టిందంటే ఆశ్చర్యపోకండి. సముద్రంలో ఓసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ కాపురముండేది మూడు రకాల అనిమోన్‌లలోనే: మాగ్నిఫికా, జైజాంటియా, మెర్టెన్సీ. మన ట్యాంకుల్లో ఎక్కువగా ఉండే బబుల్ టిప్ ఆ జాబితాలోనే లేదు, అయినా చాలా జతలు నెమ్మదిగా అలవాటు పడతాయి. ఇప్పుడు దొరికేవాటిలో హేచరీలో పుట్టినవి చాలా ఉన్నాయి. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు క్లౌన్‌ఫిష్‌ని పిల్లలు చేయించే పద్ధతి ఏనాడో తయారుచేశారు. అలా పుట్టిన చేప జన్మలో అనిమోన్‌ని చూసి ఉండదు. మొదట రెక్క కొసతో తాకి, ఉలిక్కిపడి, మళ్లీ వచ్చి తాకుతుంది. ఆ తాకుళ్లలో చిన్న మచ్చలు పడితే అది దాని పద్ధతి, వల జోలికి వెళ్లకండి. మనం బలవంతంగా అనిమోన్‌లోకి తోస్తే మాత్రం అది నిజం గాయమే అవుతుంది.

నా ట్యాంకులో ఇప్పుడు ఫైర్‌ఫిష్ లేదు. చిల్లుల డబ్బా ఖాళీగా సంప్ పక్కన ఉంది, స్పాంజ్ సంప్‌లో నానుతోంది.